విద్యా పరిశోధన సంఘానికి సేవ చేసిన అధ్యాపకుల సంస్మరణ: ఆధారాలు ఎక్కడ వెతకాలి, ఎలా రాయాలి

అడిగిన ప్రశ్న ఇది: ఒక ప్రాంతీయ విద్యా పరిశోధన సంఘం యాభయ్యో ఏట అడుగుపెడుతోంది. ఇన్నేళ్లుగా సంఘాన్ని నిలబెట్టి, ఇప్పుడు మన మధ్య లేని అధ్యాపకులు ఇరవై మందికి పైగా ఉన్నారు. వాళ్లందరి కోసం ఒక సంస్మరణ విభాగం తయారు చేయాలి. చేతిలో ఉన్నవి పాత అధ్యక్షుల జాబితా, నాలుగైదు ఫొటోలు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఒక్కొక్కరి గురించి ఏం రాయాలి?

ముందు ఒక మాట. అధ్యక్షుల జాబితాను పక్కన పెట్టండి. దాన్ని చూస్తే ఏ సంవత్సరం ఎవరు కుర్చీలో ఉన్నారో తెలుస్తుంది గానీ సంఘం బండి ఎవరు లాగారో తెలియదు. ప్రాంతీయ సంఘాల్లో జీతం తీసుకుని పనిచేసే సిబ్బంది దాదాపుగా ఉండరు. పత్ర ప్రతిపాదనలు చదివి మార్కులు వేయడం, సదస్సుకు గదులు మాట్లాడటం, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పొద్దున్నే కూర్చోవడం, చందాలు గుర్తుచేయడం, వార్తాలేఖ అచ్చువేయించి కవర్ల మీద చిరునామాలు అంటించడం, ఇవన్నీ పాఠాలు చెప్పుకునే అధ్యాపకులు తమ మిగులు వేళల్లో చేసిన పనులు. వీటిలో ఏదీ ప్రచురణగా మిగలదు. జర్నల్ వ్యాసంలో ఎవరు ఏం చేశారో నమోదు చేయడానికి ఇప్పుడు క్రెడిట్ అనే వర్గీకరణ ఉంది. అందులో 14 రకాల పాత్రలు ఉన్నాయి, 2022లో అది అమెరికాలో జాతీయ ప్రమాణంగా కూడా వచ్చింది. సంఘ సేవను నమోదు చేయడానికి అంతగా స్థిరపడిన పట్టికేదీ లేదు. ఇరవై ఏళ్లు కోశాధికారిగా లెక్కలు రాసినవారి పేరు, పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో కొట్టి చూస్తే ఆ ఇరవై ఏళ్లూ కనపడవు. కాబట్టి సంస్మరణ రాసేవారి అసలు పని ఆ కనపడని చాకిరీని ఆధారాలతో బయటికి తీయడమే. మిగతాదంతా దాని తర్వాతే.

ఆధారాలు దొరికే చోట్లు

అన్నిటికంటే విలువైనది వార్షిక సదస్సు ప్రోగ్రామ్ బుక్. సంఘం పెట్టినప్పటి నుంచి ప్రతి ఏడాదిదీ ఒక్కో ప్రతి సంపాదించండి. కార్యదర్శుల బీరువాల్లో, విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో, రిటైరైన సభ్యుల ఇళ్లలో వెతికితే చాలావరకు దొరుకుతాయి. ఏ సంవత్సరాలు దొరకలేదో ఒక కాగితం మీద రాసి సభ్యులందరికీ పంపండి. "పాత కాగితాలుంటే ఇవ్వండి" అంటే ఎవరూ కదలరు. "1979, 1984, 1985 పుస్తకాలు లేవు" అని సంవత్సరాలతో సహా అడిగితే ఎవరో ఒకరు అటక మీంచి తీసిస్తారు.

ప్రోగ్రామ్ బుక్‌ను ముందు నుంచి కాకుండా వెనక నుంచి చదవండి. చివరి పేజీల్లో చిన్న అక్షరాలతో, మూడు వరుసల్లో, ప్రతిపాదనలు పరిశీలించినవారి పేర్లు ఉంటాయి. సేవకు ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. వరసగా పన్నెండేళ్లు ఆ జాబితాలో కనపడిన పేరు ఒక్కసారి కూడా కార్యవర్గంలో లేకపోవచ్చు. ఆ తర్వాత స్థానిక ఏర్పాట్ల కమిటీ, గ్రాడ్యుయేట్ విద్యార్థుల పత్రాలకు న్యాయనిర్ణేతలు, నామినేషన్ల కమిటీ, చివరగా సెషన్ల వివరాలు చూడండి. సెషన్ అధ్యక్షత, చర్చకర్త పాత్ర రెండూ వేరు, విడివిడిగా రాసుకోండి. చర్చకర్త అంటే నాలుగైదు పత్రాలు ముందే చదివి, ఒక్కోదానిమీద అభిప్రాయం రాసుకుని వచ్చినవారు. సెషన్ అధ్యక్షులకు ఆ బరువు ఉండదు. ఒక జాగ్రత్త: ప్రోగ్రామ్‌లో పేరు అచ్చయినంత మాత్రాన ఆ మనిషి వచ్చి పత్రం చదివారని కాదు. "సమర్పించారు" అని రాయాలంటే ఇంకో ఆధారం కావాలి. లేకపోతే "కార్యక్రమంలో చేర్చబడింది" అనే రాయండి.

రెండోది మినిట్స్ పుస్తకం, అంటే సమావేశాల్లో జరిగినది నమోదు చేసే పుస్తకం. నియామకాలు, రాజీనామాలు, ఎవరు తీర్మానం పెట్టారు, ఎవరు బలపరిచారు అన్నవి ఇందులోనే ఉంటాయి. "చందా పెంచరాదు, విద్యార్థులకు సగం చేయాలి" అని పట్టుబట్టి నెగ్గించుకున్నది ఎవరో తెలిసేది ఇక్కడే. మూడోది వార్తాలేఖలు. వాటిలో ధన్యవాదాలు చెప్పిన పేరాలు చూడండి, ఎవరి వల్ల ఏ పని జరిగిందో అవి చెబుతాయి. నాలుగోది కోశాధికారి ఫైళ్లు. ఎవరు సొంత డబ్బు పెట్టి తర్వాత తీసుకున్నారో, ఎవరు తీసుకోకుండా వదిలేశారో రసీదుల్లో ఉంటుంది. ఇది బయటపెట్టే ముందు కుటుంబాన్ని అడగాలి.

1990ల చివరి నుంచి సంఘాల సమాచారం వెబ్‌లోకి వచ్చింది. కానీ ఆ పేజీలు తరచూ ఎవరో ఒక అధ్యాపకుడి విశ్వవిద్యాలయ ఖాతాలో ఉండేవి, ఆయన రిటైర్ కాగానే పోయాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి పేజీలను భద్రపరుస్తోంది, 2001 నుంచి వేబ్యాక్ మెషీన్ ద్వారా అందరికీ చూపిస్తోంది. పాత వార్తాలేఖ మీద అచ్చయిన వెబ్ చిరునామాను అక్షరం పొల్లుపోకుండా అందులో వేసి చూడండి. సంఘం పేరుతో వెతికితే రాని పేజీ చిరునామాతో వస్తుంది.

అమెరికా సంఘాలకైతే ఎరిక్ అనే పత్ర భాండాగారం గొప్ప సాయం. 1966 నుంచి విద్యారంగ పత్రాలను అది నమోదు చేస్తోంది. జర్నల్ వ్యాసాలకు ఈజే, మిగతా పత్రాలకు ఈడీ అనే అక్షరాలతో సంఖ్య ఉంటుంది. సదస్సు పత్రాలు ఈ రెండో రకంలోకి వస్తాయి. వాటి వివరాల చివర "ఫలానా సంఘం వార్షిక సమావేశంలో, ఫలానా ఊళ్లో, ఫలానా నెలలో సమర్పించినది" అని గమనిక ఉంటుంది. అందుకే రచయిత పేరుతో కాకుండా సంఘం పూర్తి పేరుతో వెతకండి. మీ ప్రోగ్రామ్ బుక్కులు కొన్ని దొరక్కపోయినా ఆ ఏడాది సదస్సు ఎక్కడ, ఎప్పుడు జరిగిందో ఈ గమనికల వల్ల తేలుతుంది.

ఓర్సిడ్ సంఖ్య, అంటే ఒక్కో పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, దానికోసం వెతికి సమయం పోగొట్టుకోవద్దు. ఆ వ్యవస్థ 2012 అక్టోబరులో మొదలైంది. అంతకు ముందే విరమించినవారిలో చాలామందికి అది ఉండదు. పేరు గందరగోళం తీర్చుకోవాలంటే గ్రంథాలయాల పేర్ల పట్టికలు, అంటే వయాఫ్ లాంటివి, ఎక్కువ పనికొస్తాయి. గతించినవారి పేర్లు, వాటి వేర్వేరు రూపాలు అక్కడ ఒకచోట ఉంటాయి.

అందరూ తప్పులో కాలేసే రెండు చోట్లు

మొదటిది సంవత్సరాలు. చాలా సంఘాల్లో ఒకే వ్యక్తి మూడేళ్లు వరసగా మూడు హోదాల్లో ఉంటారు: ఎన్నికైన కాబోయే అధ్యక్షులు, అధ్యక్షులు, పూర్వ అధ్యక్షులు. బాధ్యతల మార్పిడి జనవరి ఒకటిన కాకుండా వార్షిక సమావేశం ముగింపులో జరుగుతుంది. నవంబరులో సదస్సు జరిగే సంఘం తీసుకోండి. 1993 నవంబరు సమావేశం చివర బాధ్యత తీసుకున్నవారు 1994 నవంబరు దాకా అధ్యక్షులు. ఆయన పేరు ఒక జాబితాలో 1993 కింద, మరో జాబితాలో 1994 కింద, ఇంకోచోట 1993-94 అని ఉంటుంది. మూడూ ఒకటే. దీన్ని గమనించక ఆయన రెండుసార్లు అధ్యక్షులయ్యారని రాసినవి ఉన్నాయి. ఇంకో చిక్కు: చాలాచోట్ల సదస్సు కార్యక్రమాన్ని రూపొందించేది కాబోయే అధ్యక్షులు. అంటే ఆయన వేసిన సదస్సు తాను అధ్యక్ష స్థానంలో కూర్చోకముందే జరిగిపోతుంది. "ఆయన అధ్యక్షతన జరిగిన చక్కటి సదస్సు" అని మీరు పొగిడేది నిజానికి ఆయన తర్వాత వచ్చినవారి కష్టం కావచ్చు. కాబట్టి బైలాస్, అంటే సంఘం నియమావళి, పాత ప్రతులు ముందు పెట్టుకుని, ఏ కాలంలో ఏ హోదాకు ఏ పని ఉండేదో చూసుకోండి. బైలాస్ సవరించిన ఏడాదుల్లో కొందరి పదవీకాలం పద్దెనిమిది నెలలో, ఆరు నెలలో ఉండటం కూడా మామూలే. పదవీకాలాన్ని మొదలు నెల, ముగింపు నెలతో రాస్తే ఈ తగాదా ఉండదు.

రెండోది పేర్లు, ముఖ్యంగా మహిళల పేర్లు. పెళ్లికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఒకటి, కొన్నాళ్లకు రెండూ కలిపి. తొలినాటి పుస్తకాల్లో కొందరిని భర్త పేరుతోనే "మిసెస్ ఫలానా" అని వేశారు. వెతికేవాళ్లకు ఒకే మనిషి ముగ్గురుగా కనపడతారు, ముగ్గురికీ కొద్దికొద్ది సేవే ఉన్నట్టు తేలుతుంది, ముగ్గురూ జాబితాకు ఎక్కరు. పని చేసిన సంస్థ, విభాగం, పరిశోధన అంశం ఈ మూడూ కలిపి చూస్తే ఒకే వ్యక్తి అని పట్టుకోవచ్చు. పేరు మారిన చోట సంస్థ మారకపోవడం పెద్ద ఆనవాలు. ఇనిషియల్స్ విషయంలో దీనికి ఎదురు సమస్య: ఒకే ఇంటిపేరు, ఒకే ఇనిషియల్ ఉన్న ఇద్దరిని ఒకరిగా కలిపేయడం. ఒకే సమయంలో రెండు గదుల్లో ఆ పేరు కనపడితే ఇద్దరని తెలుసుకోండి.

ఇంకా ఎవరు జారిపోతారంటే, విశ్వవిద్యాలయంలో కాకుండా బడుల్లో, జిల్లా విద్యా కార్యాలయాల్లో, పరీక్షల విభాగాల్లో పనిచేసిన సభ్యులు. వాళ్లకు పేరు ముందు డాక్టర్ ఉండకపోవచ్చు, ప్రచురణలు ఉండకపోవచ్చు. కానీ పరిశోధకులను తరగతి గదుల్లోకి రానిచ్చింది, సమాచారం ఇప్పించింది వాళ్లే. పరిశీలకుల జాబితా నుంచి మొదలుపెట్టమని పైన చెప్పింది ఇందుకే కూడా.

పట్టిక వేయడం

సేకరించినదంతా ఒకే ఎక్సెల్ పట్టికలోకి రావాలి. ఒక మనిషికి ఒక వరస కాదు, ఒక పనికి ఒక వరస. పేరు అచ్చయిన రూపంలో, పేరు స్థిరపరిచిన రూపంలో, సంస్థ, పాత్ర, మొదలు, ముగింపు, ఆధారం, పేజీ సంఖ్య, ఎవరు నమోదు చేశారు, ఇంతే. పేజీ సంఖ్య లేని వరసను ఒప్పుకోకండి. ఒకరు నమోదు చేస్తే మరొకరు పదింట ఒక వరస తీసి మూలంతో పోల్చాలి. వంద వరసల్లో రెండు కంటే ఎక్కువ తప్పులు తేలితే ఆ పుస్తకం మొత్తం మళ్లీ చూడాలి. ఈ పట్టిక పూర్తయ్యాక పేరు ప్రకారం అమర్చి చూడండి. అధ్యక్షుల జాబితాలో లేని ముగ్గురు నలుగురి పేర్ల కింద ఇరవై, ముప్పై వరసలు తేలతాయి. మీ సంస్మరణకు గుండెకాయ వాళ్లే.

ఎవరిని చేర్చాలన్నది పేర్లు చూడకముందే తేల్చి, కార్యవర్గ తీర్మానంగా రాయించండి. నా సలహా: గతించిన సభ్యులందరి పేర్లూ ఒక జాబితాలో ఉండాలి. ఎన్నికైన పదవి గానీ, అయిదేళ్లకు తగ్గని ఏ సేవ గానీ ఉన్నవారికి విడిగా వ్యాసం ఉండాలి. వ్యాసం నిడివి అందరికీ ఒకటే, 300 నుంచి 400 మాటలు. ఒకరికి రెండు పేజీలు, పక్కవారికి మూడు వాక్యాలు అయితే ఆ మూడు వాక్యాల వారి పిల్లలు చదువుతారని గుర్తుంచుకోండి. ఎవరిమీదైనా తీవ్రమైన దుష్ప్రవర్తన నిర్ధారణ అయి ఉంటే ఏం చేయాలో కూడా అదే తీర్మానంలో ఉండాలి. అప్పటికప్పుడు చర్చిస్తే స్నేహాలు, పగలు అడ్డొస్తాయి. అలాంటి సందర్భంలో పేరు, పదవీకాలం మాత్రం ఉంచి ప్రశంస లేకుండా వదలడం సమంజసం. చరిత్ర చెరిపినట్టు కాదు, సత్కరించినట్టూ కాదు.

మరణం నిర్ధారణ, కుటుంబంతో మాట

చందా ఆగిపోవడం, ఈమెయిల్ వెనక్కి రావడం మరణానికి రుజువులు కావు. ఒకరికొకరు సంబంధం లేని రెండు ఆధారాలు ఉండాలి: కుటుంబ సభ్యులు, పనిచేసిన విభాగం, స్థానిక పత్రికలో ప్రకటన, వీటిలో ఏవైనా రెండు. రెండు వెబ్ పేజీలు ఒకదాన్నొకటి నకలు చేసినవైతే అది ఒకటే ఆధారం. ఇప్పుడు మరో బెడద ఉంది. ఎవరైనా కన్నుమూసిన గంటల్లోనే ప్రకటనల ఆదాయం కోసం, నకిలీ విరాళాల కోసం కల్పిత నివాళి పేజీలు పుట్టుకొస్తున్నాయి. వాటిలో వయసు, కారణం, బంధువుల పేర్లు అన్నీ తప్పులుంటాయి. బతికున్న మనిషిని గతించినవారిలో చేర్చడం కంటే ఆరు నెలలు ఆలస్యం కావడం వెయ్యి రెట్లు నయం.

కుటుంబానికి మొదటి ఉత్తరంలో ఏమీ అడగకండి. సంఘానికి ఆయన, ఆమె చేసిన పని మీ పట్టికలోంచి నాలుగు వాక్యాల్లో రాసి, సంస్మరణ తయారవుతోందని, కొన్నాళ్లకు మళ్లీ రాస్తామని చెప్పండి. చాలా కుటుంబాలకు ఈ సేవ సంగతే తెలియదు. "ఏటా నవంబరులో నాలుగు రోజులు ఊరెళ్లేవారు" అన్నంత వరకే తెలుసు. రెండో ఉత్తరంలో ఫొటో, పేరు సరైన రూపం, ఉచ్చారణ, ఏ విషయాలు రాయకూడదో అడగండి. చిత్తుప్రతి పంపి రెండు వారాలు గడువివ్వండి. "వాస్తవాలు సరిచూడండి" అని అడగాలి, "నచ్చిందా" అని అడగకూడదు. రెండో ప్రశ్న అడిగితే వ్యాసం వాళ్లు తిరగరాస్తారు, కాదనలేక మీరు ఇరుక్కుంటారు.

పుట్టిన రోజు, నెల వేయకండి, సంవత్సరం చాలు. పూర్తి పుట్టిన తేదీ, తల్లి పుట్టింటి పేరు, ఇంటి చిరునామా ఒకచోట దొరికితే గుర్తింపు దొంగతనానికి దారి ఇచ్చినట్టే. మరణ కారణం కుటుంబం కోరితేనే. యూరప్ సమాచార రక్షణ నిబంధన గతించినవారికి వర్తించదు, నిజమే. కానీ వ్యాసంలో బతికున్న బంధువుల వివరాలు వస్తే వాళ్లకు వర్తిస్తుంది.

రాయడం

నమూనా కోసం అల్లిన ఒక పేరా చూడండి. మామూలుగా వచ్చే రాత ఇలా ఉంటుంది: "మేడమ్ గారు గొప్ప మేధావి, నిగర్వి, స్నేహశీలి. విద్యా పరిశోధనకు జీవితాన్ని అంకితం చేశారు. వారు లేని లోటు పూడ్చలేనిది." ఇందులో పేరు మార్చి ఎవరికైనా అతికించవచ్చు. అదే దీనిలోని లోపం. చదివినవారికి ఆమె కనపడదు.

పట్టిక ముందు పెట్టుకుని రాస్తే ఇలా వస్తుంది: "ఆమె 1983 నవంబరు నుంచి 1996 నవంబరు వరకు కోశాధికారి. ఆ పదమూడేళ్లలో సంఘం ఖాతా ఒక్క ఏడాది కూడా లోటులో ముగియలేదు. విద్యార్థి సభ్యుల చందా సగానికి తగ్గించాలన్న తీర్మానం 1987లో పెట్టింది ఆమే. తగ్గిన రాబడిని పూడ్చడానికి ప్రోగ్రామ్ బుక్ అచ్చు ఖర్చును సగం చేసే పద్ధతి లెక్కవేసి అదే సమావేశంలో చూపించారు. కొత్తగా పత్రం చదివే విద్యార్థుల సెషన్లకు తొమ్మిదిసార్లు చర్చకర్త." ఇక్కడ ఒక్క పొగడ్త లేదు. ఆమె నిగర్వి అని, విద్యార్థుల పక్షపాతి అని, లెక్కల్లో గట్టిదని చదివినవారే అనుకుంటారు. విశేషణం రాయాలనిపించిన ప్రతిచోటా ఒక క్రియ, ఒక సంవత్సరం వేయండి. అవి దొరక్కపోతే ఆ వాక్యం తీసేయండి.

వరస ఇలా పెట్టుకుంటే సాఫీగా నడుస్తుంది. మొదటి వాక్యంలో పేరు, జీవిత కాలం, సంఘంలో ముఖ్యమైన పని. తర్వాత సంఘ సేవ సగానికి పైగా. పరిశోధన, బోధన ఒక పేరా. అవి మిగతాచోట్ల ఎలాగూ దొరుకుతాయి కాబట్టి కుదించినా నష్టం లేదు. ఏం పరిశోధించారో మాత్రం తేటగా చెప్పాలి. "కొలమానం, మూల్యాంకనంలో నిపుణులు" అని వదిలేయకుండా, "మూడో తరగతి పిల్లల చదివే వేగాన్ని నమ్మకంగా ఎలా కొలవాలన్నది ఆయన ప్రశ్న" అన్నట్టు రాయండి. చివర ఒక జ్ఞాపకం, చెప్పినవారి అనుమతితో, వాళ్ల పేరుతో. జ్ఞాపకాలు అడిగేటప్పుడు "వారి గురించి రాయండి" అంటే మళ్లీ విశేషణాలే వస్తాయి. "మీ మొదటి పత్రానికి వారు చెప్పిన సవరణ ఏమిటి?", "రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర వారు ఏం చేసేవారు?" అని అడగండి. సమాధానంలో మనిషి నడిచి వస్తాడు.

జ్ఞాపకాల్లో తేదీలను నమ్మకండి. మనిషికి సంఘటన గుర్తుంటుంది, సంవత్సరం జారిపోతుంది. ప్రోగ్రామ్ బుక్‌తో సరిచూసి, తేడా ఉంటే చెప్పినవారికి చూపించి దిద్దండి.

ఫొటోలు, గొంతులు

అచ్చు ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), టిఫ్ అనే ఫైల్ రూపంలో స్కాన్ చేయండి. పేజీలకు 300 డీపీఐ సరిపోతుంది, వాటిని పీడీఎఫ్-ఏ రూపంలో దాచండి. ఇది దీర్ఘకాల భద్రత కోసం 2005లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం. ఫాంట్లు ఫైల్‌లోనే ఉంటాయి కాబట్టి ఎన్నేళ్ల తర్వాత తెరిచినా అక్షరాలు మారవు. ఫొటో వెనక రాసినది కూడా స్కాన్ చేయాలి. ఊరూ సంవత్సరమూ తెలిసేది ఆ పెన్సిల్ రాతలోనే. ముఖాలు గుర్తుపట్టేటప్పుడు ఇద్దరిని వేర్వేరుగా అడగండి. పక్కపక్కన కూర్చోబెడితే ఒకరన్నదానికి మరొకరు తల ఊపుతారు. ఫొటో హక్కు సాధారణంగా అందులో ఉన్నవారిది కాదు, తీసినవారిది. ఉత్తరం హక్కు అందుకున్నవారిది కాదు, రాసినవారిది. కుటుంబం ఇచ్చిందంటే హక్కు వచ్చేసిందని అనుకోకండి.

గతించినవారిని ఎరిగిన పెద్దల మాటలు ఇప్పుడే రికార్డు చేయండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైల్, ఫ్యాన్లు ఆపిన గది, గంటకు మించని కూర్చోబెట్టడం. పాత ప్రోగ్రామ్ బుక్ చేతికిచ్చి పేజీలు తిప్పమంటే ప్రశ్నలు అడిగే పనే ఉండదు. అనుమతి పత్రం మీద సంతకం రికార్డింగ్ అయ్యాక కాదు, ముందే. గంట మాటలు రాతలోకి దించడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఆ సమయం ఎవరిదో ముందే మాట్లాడుకోకపోతే ఫైళ్లు అలాగే మూలన పడతాయి.

సదస్సులో నివాళి

దీన్ని సమాంతర సెషన్లలో ఒకటిగా వేయకండి, గది ఖాళీగా ఉంటుంది. సర్వసభ్య సమావేశం ప్రారంభంలో పెట్టాలి. లెక్కలు, ఎన్నికలు అయ్యాక పెడితే జనం లేచిపోతుంటారు. ఇరవై రెండు పేర్లు, ఒక్కోదానికి పేరు, సేవ ఒక్క వాక్యం, పన్నెండు సెకన్లు అనుకుంటే నాలుగున్నర నిమిషాలు. తర్వాత ఒక నిమిషం మౌనం. ఆ ఏడాది గతించినవారి గురించి మాత్రం ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, రాసుకొచ్చినది చదవాలి. నోటికొచ్చినట్టు మాట్లాడితే మూడు పన్నెండవుతుంది, చివరివారికి సమయం మిగలదు. పేర్లు చదివేవారికి ఉచ్చారణ రాసిచ్చి ముందురోజు ఒకసారి చదివించండి. పేరు తప్పు పలికితే కుటుంబానికి ఆ రోజంతా అదే గుర్తుంటుంది.

స్మారక పురస్కారం పెట్టే ముందు

చాలామంది మొదట దీని గురించే ఆలోచిస్తారు. నా దృష్టిలో ఇది ఆఖర్న రావాలి, లెక్క కుదిరితేనే రావాలి. ఏటా 20,000 ఇవ్వాలంటే, మూలనిధిలో ఏటా 4 శాతం మాత్రమే ఖర్చుపెట్టే పద్ధతిలో 5,00,000 కావాలి. జ్ఞాపిక, బ్యాంకు ఖర్చులు కలిపి 25,000 అవుతుందనుకుంటే 6,25,000. విరాళాలు 2,00,000 దగ్గర ఆగిపోతే? 6 శాతం రాబడి వచ్చినా ఏటా చివర 20,000 తీస్తూ పోతే పదహారో ఏట నిధి ఖాళీ. అప్పుడు పురస్కారం ఆగిపోవడం, "ఫలానావారి పేరు తీసేశారు" అనే నింద. అంత డబ్బు లేనప్పుడు మొదటి రోజే "పదిహేనేళ్ల పురస్కారం" అని ప్రకటించండి. అందులో అగౌరవం ఏమీ లేదు.

పురస్కారం దేనికిస్తారన్నది ఆ మనిషి చేసిన పనికి సరిపోవాలి. అమెరికా విద్యా పరిశోధన సంఘం ఇచ్చే పురస్కారాల్లో ఇ.ఎఫ్. లిండ్‌క్విస్ట్ పేరున్నది పరీక్షలు, కొలమానం రంగంలో పరిశోధనకు. ఐయోవా విశ్వవిద్యాలయంలో పాఠశాల పరీక్షలను తీర్చిదిద్ది, 1959లో అమెరికా కళాశాల ప్రవేశాలకు వాడే ఏసీటీ పరీక్షను నెలకొల్పినవారిలో ఒకరైన మనిషికి అది తగినది. విద్యార్థుల చేయిపట్టి నడిపించిన అధ్యాపకురాలి పేరుతో "ఉత్తమ పత్రం" బహుమతి పెడితే పదేళ్లకు ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. అదే సొమ్ముతో మొదటిసారి సదస్సుకు వచ్చే విద్యార్థికి ప్రయాణ ఖర్చులిస్తే ఆమె పని కొనసాగినట్టు. దాతలతో రాసుకునే పత్రంలో మూడు విషయాలు తప్పకుండా ఉండాలి: తగినవారు లేకపోతే ఆ ఏడాది ఇవ్వనక్కర్లేదని, సొమ్ము ఎంత కంటే తగ్గితే నిధిని వేరే పనికి మళ్లించవచ్చని, సంఘమే మూతపడితే మిగిలింది ఎవరికి వెళుతుందని.

పెట్టాక నిలబెట్టడం

ప్రతి వ్యాసం కింద చివరిసారి సరిదిద్దిన తేదీ, తప్పులు తెలియజేయడానికి సంఘం ఈమెయిల్ ఉండాలి. ఆ ఈమెయిల్ హోదా పేరుతో ఉండాలి, వ్యక్తి పేరుతో ఉంటే మూడేళ్లకు చచ్చిపోతుంది. ఫైళ్లు మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే ఊళ్లో. అసలు కాగితాలను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఆర్కైవ్స్‌కు ఇవ్వండి. ఇచ్చే ముందు ఏ పెట్టెలో ఏముందో జాబితా రాసి, పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. తుప్పు మరక, కరిగిన రబ్బరు కాగితాన్ని తినేస్తాయి. ఏ సమాచారం ఎన్నేళ్లు మూసి ఉంచాలో కూడా ఒప్పందంలో రాయించండి, ముఖ్యంగా పత్రాల మీద పరిశీలకులు రాసిన రహస్య వ్యాఖ్యలు.

ఇప్పుడు పదవి దిగుతున్న ప్రతి ఒక్కరి చేతా ఒక రెండు పేజీల ఫారం నింపించడం బైలాస్‌లో పెట్టండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏం చేశారు, ఎవరు సాయపడ్డారు, కాగితాలు ఎక్కడున్నాయి. మూడో ప్రశ్నకు ఎక్కువ చోటు వదలండి. పరిశీలకుల జాబితాలోకి కూడా ఎక్కని పేర్లు అక్కడే దొరుకుతాయి.